గాలి లాగుతుంది, గ్యాస్ లాగదు: రికవరీ మెషిన్‌లో అరిగిన సీళ్ల కేసు

ఏసీలో, కోల్డ్ రూములో ఉన్న గ్యాస్‌ని లాగి రికవరీ సిలిండర్‌లోకి ఎక్కించేది రికవరీ మెషిన్. ఈ మెషిన్ రెండు పిస్టన్ సిలిండర్ల ఆయిల్‌లెస్ రకం, అంటే లోపల ఆయిల్ వెయ్యరు. 1 హెచ్‌పి మోటార్, 230 వోల్టులు, ప్రెషర్ మితిమీరితే మెషిన్‌ని ఆపే హై ప్రెషర్ కటాఫ్ 550 పీఎస్ఐ. పనిచేసేది ఒడిశాలోని గంజాం జిల్లా, బరంపురంలో. ఊళ్లో దుకాణాల స్ప్లిట్ ఏసీలు, గోపాలపూర్ ఒడ్డున హోటళ్లు, చిలికా వైపు రొయ్యల కోల్డ్ రూములు. ఆర్-22, ఆర్-410ఎ, ఆర్-404ఎ, అప్పుడప్పుడు ఆర్-134ఎ, ఈ గ్యాసులన్నీ ఈ ఒక్క మెషిన్ లోంచే పోతాయి. దీని క్రాంక్‌కేస్, అంటే పిస్టన్ల కింది గది, బయటి గాలికి తెరిచి ఉండదు, లోపల సక్షన్‌కే (గ్యాస్ లాగే వైపుకే) కలిసి ఉంటుంది. ఈ ముక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. మెకానిక్‌లను తప్పుదారి పట్టించింది అదే.

ఫిర్యాదు ఇది. పొద్దున్నపూట ఆర్-22 పాత ఏసీల మీద మెషిన్ బాగానే లాగుతోంది. మధ్యాహ్నం ఆర్-410ఎ మీద పెడితే గేజి 40 పీఎస్ఐ దాకా దిగి అక్కడే ఆగిపోతోంది. మోటార్ తిరుగుతూనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ముల్లు కదలదు. 1.5 టన్నుల ఏసీలో ఉండే కిలో చిల్లర గ్యాస్ తియ్యడానికి ముప్పావుగంట. చివరికి మిగిలిన గ్యాస్‌ని గాలిలోకి వదిలెయ్యాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది.

40 పీఎస్ఐ దగ్గర మిగిలేది ఎంత? స్ప్లిట్ ఏసీ లోపలి ఖాళీ నాలుగు లీటర్లు అనుకుంటే, ఆవిరి రూపంలో ఉండే ఆర్-410ఎ సుమారు 45 గ్రాములు. కంప్రెసర్ ఆయిల్‌లో కరిగింది వేరే. త్రాసు మీద అంత తేడా కంటికి ఆనదు, అందుకే ఈ జబ్బు నెలల తరబడి ఎవరి దృష్టికీ రాదు. అదే రిసీవర్ (లిక్విడ్ నిలవుండే ట్యాంకు), పొడుగాటి పైపులతో కలిపి 60 లీటర్లున్న కోల్డ్ రూములో ఆర్-404ఎ 40 పీఎస్ఐ దగ్గర ఆగిపోతే మిగిలేది 900 గ్రాములకు దగ్గర. అక్కడ మాత్రం లెక్క తేడా వస్తుంది.

మెషిన్‌ని విప్పే ముందు

లాగట్లేదు అని వచ్చిన మెషిన్లలో చాలా వాటికి రోగం మెషిన్‌లో ఉండదు. సర్వీస్ వాల్వ్‌లో పిన్ను తియ్యకుండా పావు అంగుళం హోస్ తగిలిస్తే ఏ మెషినైనా ఈడుస్తుంది. అందుకని ముందు పిన్ను రిమూవర్‌తో పిన్నులు తీసి, 3/8 అంగుళం హోసులు పెట్టి చూశారు. తేడా లేదు. ఇన్‌లెట్ ముందు తేమనీ చెత్తనీ పట్టే డ్రయ్యర్ మార్చారు. తేడా లేదు.

తర్వాత కరెంటు. మెషిన్ నడుస్తుండగా దాని ప్లగ్గు దగ్గరే వోల్టేజి కొలవాలి, గోడ సాకెట్ దగ్గర కాదు. ఇక్కడ 222 వచ్చింది, పర్వాలేదు. హోటల్ మేడ మీదికి ముప్పై మీటర్ల సన్న వైరు లాగి పని చేసేవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు రానూపోనూ 60 మీటర్లంటే ఒక ఓమ్ పైచిలుకు. నడిచేటప్పుడు అయిదారు వోల్టులే పోయినా, స్టార్టింగ్‌లో పాతిక వోల్టుల దాకా పడిపోతుంది.

కెపాసిటర్ దాని మీద రాసిన విలువే చూపించింది. క్లాంప్ మీటరులో ఒక వింత మాత్రం కనపడింది. లోడు మీద మోటార్ తీసుకున్న కరెంటు 3.9 ఆంపియర్లు, ప్లేటు మీద ఉన్నది 6. మోటార్ నీరసించి ఉంటే కరెంటు పెరగాలి. తగ్గిందంటే మోటార్‌కి చెయ్యాల్సిన పనే తగ్గింది, అంటే గ్యాస్ ఎక్కడో నొక్కుడు పడకుండా తప్పించుకుంటోంది. మోటార్ మీద అనుమానం అక్కడితో వదిలెయ్యొచ్చు.

ఇక రికవరీ సిలిండర్. అందులో గాలి చేరి ఉంటే ప్రెషర్ ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉండి, మంచి మెషిన్‌ని కూడా చెడ్డదిగా చూపిస్తుంది. రాత్రంతా నీడలో ఉంచి, పొద్దున సిలిండర్ వంటి మీద ఉష్ణోగ్రత చూసి, గేజి రీడింగుని ఆ గ్యాస్ ప్రెషర్-ఉష్ణోగ్రత పట్టికతో పోల్చాలి. ఆర్-410ఎ 28 డిగ్రీల దగ్గర 245 పీఎస్ఐ దరిదాపుల్లో ఉండాలి. ఇక్కడ 250 చూపించింది. గాలి లేదు.

వాక్యూమ్ టెస్టు ఎందుకు మోసం చేసింది

వర్క్‌షాపుల్లో అందరూ చేసే టెస్టు ఒకటుంది. మెషిన్‌లో గ్యాస్ ఖాళీ చేసి, నైట్రోజన్‌తో ఊది, అవుట్‌లెట్ గాలికి వదిలేసి, ఇన్‌లెట్‌కి గేజి పెట్టి నడపడం. ముల్లు వాక్యూమ్‌లోకి దూకితే మెషిన్ మంచిదని తీర్పు. ఈ మెషిన్ అర నిమిషంలో 24 అంగుళాలకు లాగింది. ఓనరు మాట కూడా అదే: “గాలి దంచి లాగేస్తోంది గురూ, ఇంక సీలుకేటయింది?”

పిస్టన్ పక్కనుంచి గ్యాస్ జారకుండా ఆపే సీలుకి ఏమయిందో ఆ టెస్టు చెప్పలేదు. 24 అంగుళాల వాక్యూమ్ అంటే లోపల సుమారు 0.2 బార్, బయట 1 బార్. పిస్టన్ మోస్తున్న నిష్పత్తి, అంటే బయటి ప్రెషర్ లోపలిదానికి ఎన్ని రెట్లో అది, అయిదు. సీలుకి అటూ ఇటూ తేడా ఒక బార్ కూడా లేదు. ఆర్-410ఎ సిలిండర్ మే నెల ఎండలో 45 డిగ్రీలకు చేరితే అందులో 380 పీఎస్ఐ ఉంటుంది, అంటే అబ్సల్యూట్‌లో (బయటి గాలి ప్రెషర్‌ని కూడా కలిపితే) 27 బార్ పైన. ఆ ప్రెషర్ మీదకి నెడుతూ సక్షన్‌ని 10 అంగుళాల వాక్యూమ్‌కి దించాలంటే నిష్పత్తి 40. సీలు ఒక పక్క పాతిక బార్లకు పైగా ఆపాలి. ఒక బార్ తేడా దగ్గర అరిగిన అంచు కూడా ఆపగలుగుతుంది, పాతిక దగ్గర ఆపలేదు.

పైగా ఈ మెషిన్‌లో సీలు పక్కనుంచి జారిన గ్యాస్ క్రాంక్‌కేస్‌లోకి పోయి, అక్కణ్నుంచి మళ్లీ సక్షన్‌లోకే వస్తుంది. బయటికి ఒక్క బుడగ రాదు, లీక్ డిటెక్టర్ అరవదు. అదే గ్యాస్‌ని మెషిన్ లోపల్లోపలే తిప్పుకుంటూ ఉంటుంది. క్రాంక్‌కేస్ గాలికి తెరిచి ఉండే రకాల్లో కథ వేరు. వాటిలో సీలు అరిగితే వాక్యూమ్ టెస్టులోనే గాలి లోపలికి వచ్చి ముల్లు నిలవదు, గ్యాస్ మీద నడిపితే ఊపిరి రంధ్రం దగ్గర డిటెక్టర్ కూస్తుంది. మీ చేతిలో ఉన్నది ఏ రకమో తెలియకుండా ఏ టెస్టు ఫలితాన్నీ నమ్మొద్దు.

అసలు టెస్టు: అడుగు ఎక్కడ తగులుతుంది

ఈ కేసులో విషయం తేల్చిన టెస్టుకి సామాను పెద్దగా అక్కర్లేదు. అవుట్‌లెట్‌ని సగంలోపు నిండిన రికవరీ సిలిండర్‌కి కలిపి, సిలిండర్ వేపర్ వాల్వ్ తెరవాలి. ఇన్‌లెట్ హోస్‌కి గేజి పెట్టి అవతలి చివర మూసెయ్యాలి. మెషిన్ నడిపితే అది తన హోస్‌లో ఉన్న కాస్త గ్యాస్‌నీ సిలిండర్‌లోకి నెట్టి, ఒక చోట ఆగుతుంది. అదే దాని అడుగు, ఇంక అంతకంటే కిందికి లాగలేదు. ముల్లు ఆగిన చోటు ఒకటి, అప్పుడు సిలిండర్ ప్రెషర్ ఒకటి, ఈ రెండూ రాసుకోవాలి. రెండో అంకె లేకుండా మొదటిది రాసుకోవడం దండగ.

సిలిండర్లు 34 డిగ్రీల దగ్గర ఉండగా మూడు గ్యాసుల మీద చూశారు. ఒక గ్యాస్ నుంచి ఇంకోదానికి మారే ముందు మెషిన్‌లో మిగిలింది పర్జ్ మోడ్‌లో దాని సొంత సిలిండర్‌లోకే నెట్టి, హోసులతో సహా వాక్యూమ్ పంపుతో లాగాలి, లేదంటే గ్యాసులు కలిసిపోతాయి. ఆర్-134ఎ సిలిండర్‌లో 110 పీఎస్ఐ. మెషిన్ 15 అంగుళాల వాక్యూమ్ దాకా దిగింది. ఆర్-22 సిలిండర్‌లో 177. మెషిన్ 3 అంగుళాల దగ్గర ఆగింది. ఆర్-410ఎ సిలిండర్‌లో 288. మెషిన్ 28 పీఎస్ఐ దగ్గరే ఆగింది, వాక్యూమ్ మాటే లేదు.

అబ్సల్యూట్ ప్రెషర్లతో నిష్పత్తులు చూస్తే 17, 14న్నర, 7. మెషిన్ బాగుంటే హెడ్ ప్రెషర్ (అవుట్‌లెట్ వైపు ప్రెషర్) పెరిగినా నిష్పత్తి ఇంతలా కూలిపోదు. పిస్టన్ పైకొచ్చాక దానికీ హెడ్డుకీ (సిలిండర్ మూతకీ) మధ్య ఖాళీ జాగాలో మిగిలిన గ్యాస్ తిరిగి వ్యాపించడం వల్ల అడుగు కొంత పైకి వస్తుంది కానీ, అది నిష్పత్తికి సంబంధించిన నష్టం. ఇక్కడ నష్టం ప్రెషర్ తేడాతో పెరుగుతోంది. అది కారడం.

పొద్దున ఆర్-22 బాగా లాగడం, మధ్యాహ్నం ఆర్-410ఎ ఆగిపోవడం ఎందుకో కూడా దీంతోనే తెలిసిపోయింది. ఓనరు అనుకున్నట్టు ఎండకి మోటార్ అలసిపోవడం కాదు.

కారేది ఎక్కడ

కారడానికి మూడు చోట్లున్నాయి: డిశ్చార్జి రీడ్, సక్షన్ రీడ్ (గ్యాస్‌ని ఒకవైపే పోనిచ్చే పల్చటి రేకు వాల్వులు, ఒకటి బయటికి నెట్టే వైపు, ఒకటి లాగే వైపు), పిస్టన్ సీలు. హెడ్డు విప్పకుండానే మొదటిదాన్ని తప్పించొచ్చు. మెషిన్‌ని వాక్యూమ్‌లోకి లాగి ఆపేసి, ఇన్‌లెట్ మూసి, అవుట్‌లెట్ వైపు నైట్రోజన్‌తో 150 పీఎస్ఐ ఎక్కించి అయిదు నిమిషాలు ముల్లు చూశారు. 20 అంగుళాల నుంచి 19కి వచ్చింది, అంతే. డిశ్చార్జి రీడ్ వదులుగా ఉండుంటే ఆ 150 మొత్తం సక్షన్ వైపు తన్నుకొచ్చేది.

తర్వాత డెడ్‌హెడ్, అంటే అవుట్‌లెట్ మూసేసి నడపడం. ఇన్‌లెట్‌కి రెగ్యులేటర్ నుంచి 50 పీఎస్ఐ నైట్రోజన్, అవుట్‌లెట్‌కి 800 పీఎస్ఐ గేజి, దాని తర్వాత మూసిన బాల్ వాల్వ్. అటువైపు సిలిండర్ పెట్టకూడదు, రికవరీ సిలిండర్లు 550 పీఎస్ఐ నైట్రోజన్‌తో ఆడుకోవడానికి కాదు. ఒక చెయ్యి స్విచ్ మీదే ఉండాలి. 575 దాటినా కటాఫ్ పడకపోతే వెంటనే ఆపెయ్యాలి, అప్పుడు ప్రెషర్ స్విచ్ కూడా పోయినట్టు. ఒక్కసారికి నిమిషం మించి నడపొద్దు, హెడ్డు కాలిపోతుంది. ఈ టెస్టుకి నైట్రోజన్ తప్ప ఇంకేదీ వాడొద్దు. ఆక్సిజన్ అయితే ఆయిల్ తడి తగిలి పేలుతుంది. ఆర్-22 మిగిలి ఉన్న మెషిన్‌లో గాలిని నొక్కినా, ఎక్కువ ప్రెషర్ మీద ఆ మిశ్రమం అంటుకునే గుణం తెచ్చుకుంటుంది.

మంచి మెషినైతే చకచకా 550కి పోయి టక్కుమని కట్ అవుతుంది. ఇది 300 దాకా పరుగెత్తి, తర్వాత ఈడ్చుకుంటూ 390 దగ్గర నిలబడిపోయింది. చల్లారాక మళ్లీ చేసినా అదే అంకె.

సక్షన్ రీడా, సీలా అన్నది వేడి చెప్పింది. సక్షన్ రీడ్ కారితే నొక్కుడు పడిన వేడి గ్యాస్ ఇన్‌లెట్ వైపే వెనక్కి తన్నుతుంది. హెడ్డు దగ్గర ఇన్‌లెట్ గొట్టం కాలుతుంది, గేజి ముల్లు వణుకుతుంది. ఇక్కడ ఆ గొట్టం చెయ్యి పెట్టేటట్టే ఉంది, ముల్లు నిలకడగా ఉంది. క్రాంక్‌కేస్ వంటి మీద మాత్రం, అదీ రెండో సిలిండర్ కింది భాగంలో, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు మొదటి సిలిండర్ కిందకంటే 14 డిగ్రీలు ఎక్కువ చూపించింది. మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటర్లు తప్పు చెప్తాయి. కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించి కొలవాలి.

విప్పి చూస్తే

రెండో సిలిండర్ హెడ్డు తీసేసరికి పిస్టన్ పైన బూడిదరంగు పొడి, వేలితో రాస్తే జిడ్డుగా అంటుకుంది. టెఫ్లాన్ సీలు అరిగిన పొడి, ఆయిల్‌తో కలిసింది. సీలు పెదవి ఒక పక్క కొత్తదానికంటే 0.4 మిల్లీమీటర్లు పల్చబడింది, ఇంకో పక్క దాదాపు కొత్తగానే ఉంది. సిలిండర్ గోడ మీద నిలువునా రెండు గీతలు. గోరు పెట్టి అడ్డంగా గీస్తే ఒకటి తగులుతోంది, ఒకటి తగలట్లేదు. వెలుతురుకి పట్టి చూస్తే సీలులో గుచ్చుకుని ఉన్న నల్లటి రేకులు కనిపించాయి, ఆవగింజలో పావు వంతు సైజు. మొదటి సిలిండర్ సీలు అరుగుదల మొదలైనా ఒకేలా ఉంది, గోడ నున్నగా ఉంది.

ఆ రేకులు రాగి పొక్కు. నైట్రోజన్ వదలకుండా బ్రేజింగ్ చేస్తే పైపు లోపలి గోడకి నల్లటి ఆక్సైడ్ పడుతుంది. రికవరీ చేసేటప్పుడు అది రాలి గ్యాస్‌తో పాటు మెషిన్‌లోకి వస్తుంది. టెఫ్లాన్ మెత్తన కాబట్టి రేకు అందులో కూరుకుపోయి కూర్చుంటుంది, ప్రతి స్ట్రోక్‌కీ గోడని గీకుతుంది. రేకుల్ని ఆపాల్సిన ఇన్‌లెట్ జాలీ ఒక మూల చిరిగి ఉంది. జాలీని బయటికి తీసి చూడకుండా పైపైన ఊదేసి పెట్టేస్తూ వచ్చారు కాబట్టి ఆ చిరుగు ఎవరికీ కనపడలేదు. డ్రయ్యర్ లేకుండా నేరుగా తగిలించిన రోజులు కూడా ఉండే ఉంటాయి.

రెండో సిలిండరే ఎందుకు పోయింది? మెషిన్ కండెన్సర్ రెక్కలు సగం మేర ఉప్పుగాలికి తెల్లగా పొట్టు లేచిపోయి ఉన్నాయి. ఫ్యాను గాలి ఆ వైపు దాటట్లేదు, రెండో హెడ్డు ఆ నీడలోనే ఉంది. వేడెక్కిన టెఫ్లాన్ తొందరగా అరుగుతుంది. రాగి రేకులు రెండిట్లోకీ వెళ్లి ఉంటాయి, కానీ వేడిగా ఉన్నది ముందు ఓడిపోయింది. గోపాలపూర్ ఒడ్డున మేడల మీద ఉంచి వాడే మెషిన్లకి ఈ ఉప్పు బెడద తప్పదు. వాడిన రోజు సాయంత్రం మంచినీళ్లతో తడిపిన గుడ్డతో బయట తుడిచి, రెక్కల్ని మెత్తటి కుంచెతో దులపడమే మార్గం.

బాగుచేసిన తీరు

సీల్ కిట్ బరంపురంలో దొరకదు, విశాఖపట్నం నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించాలి. ఆర్డరు పెట్టేటప్పుడే రెండు సిలిండర్ల సీళ్లు, రీడ్ ప్లేట్లు, ఓ-రింగులు, ఇన్‌లెట్ జాలీ అన్నీ కలిపి అడగడం మంచిది. ఒక్క సిలిండర్‌కే వేస్తే రెండోది ఆరు నెలల్లో వస్తుంది, హెడ్డు మళ్లీ విప్పాలి. ఓ-రింగులు కిట్‌లోవే వెయ్యాలి. సైకిల్ షాపు రబ్బరు రింగు సరిపోయినట్టే ఉంటుంది, గ్యాస్ తగిలాక ఉబ్బి ముక్కలవుతుంది.

గోరు తగిలే గీత ఉన్న స్లీవ్ (సిలిండర్ లోపలి గోడ గొట్టం) మార్చేశారు. గోరు తగలని గీతలైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, పోగులు ఊడని గుడ్డతో తుడిస్తే చాలు. ఎమరీ కాగితం నిలువుగా రుద్దడం మాత్రం వద్దు, గీతల్ని పెంచడమే అవుతుంది. సీలుకి గ్రీజు గానీ ఆయిల్ గానీ రాయలేదు. “కొంచెం ఆయిల్ వెయ్యి అన్నా, స్మూత్‌గా పోతాది” అనే సలహా ప్రతి షాపులోనూ వినిపిస్తుంది. ఆయిల్‌లెస్ మెషిన్‌లో ఆయిల్ వేస్తే పొడినీ రేకుల్నీ కలిపి రుబ్బిన ముద్దలా చేసి సీలుకి పట్టిస్తుంది. ఏసీ లోంచి వచ్చే పాలియోల్ ఎస్టర్ ఆయిల్ తేమని పీల్చుకుంటుంది కాబట్టి, పని అయ్యాక మెషిన్‌లో అది మిగలకుండా పర్జ్ చెయ్యడం కూడా ఇందుకే.

హెడ్డు బోల్టులు ఎదురెదురుగా, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే. మొదట చేత్తో రెండు మూడు చుట్లు తిప్పి ఎక్కడా పట్టెయ్యట్లేదని చూశాక, అవుట్‌లెట్ వదిలేసి పది నిమిషాలు లోడు లేకుండా నడిపారు, సీలు కుదురుకోవడానికి. ఆ తర్వాత 150 పీఎస్ఐ నైట్రోజన్ మీద సబ్బునీళ్లు, తర్వాత డెడ్‌హెడ్. ఈసారి 550 దాటగానే కట్ అయ్యింది. ఆర్-410ఎ సిలిండర్ 290 దగ్గర ఉండగా అడుగు 12 అంగుళాల వాక్యూమ్. లోడు మీద కరెంటు 5.4 ఆంపియర్లు. సిలిండర్ ప్రెషరుతో సహా ఈ అంకెల్ని మార్కర్‌తో మెషిన్ మూత లోపల రాసి పెట్టారు. ఈసారి అనుమానం వస్తే పోల్చుకోవడానికి వేరే మెషిన్ వెతుక్కోనక్కర్లేదు.

కిట్ వచ్చేదాకా పని ఆగకూడదనుకుంటే దారి ఉంది, బరంపురంలో ఐసుకి కొదవ లేదు. రికవరీ సిలిండర్‌ని వాల్వులు తడవకుండా ఐసు నీళ్ల తొట్టెలో పెట్టి 10 డిగ్రీలకు దించితే ఆర్-410ఎ ప్రెషర్ 143కి పడిపోతుంది, అరిగిన మెషిన్ కూడా అంత ప్రెషర్ మీద లాగుతుంది. నీళ్లలో ఉన్న సిలిండర్ బరువు త్రాసులో తప్పు చూపిస్తుంది కాబట్టి మధ్యమధ్యలో పైకి తీసి, తుడిచి, తూచి, 80 శాతం దాటకుండా చూసుకోవాలి. చల్లగా ఉన్నప్పుడు నిండినట్టు కనపడకపోయినా, ఎండలోకి వచ్చాక లిక్విడ్ వ్యాపిస్తుంది. సైటు మీద గేజి తప్ప ఇంకేమీ లేనప్పుడు ఇదే టెస్టు కూడా. పిన్నులు తీసి, జాలీ చూసి, సిలిండర్‌లో గాలి లేదని తేల్చుకున్నాక, సిలిండర్ చల్లబడగానే మెషిన్ ప్రాణం పోసుకున్నట్టు లాగితే సీళ్లో రీడ్లో విప్పి చూడాల్సిందే. చల్లబరిచినా తేడా రాకపోతే అడ్డు ఇన్‌లెట్ వైపు ఉంది, హెడ్డు జోలికి పోనక్కర్లేదు.

ఈ మెషిన్ మీద ఆర్-32 మాత్రం ఇప్పటికీ ఎక్కించట్లేదు. ఆర్-32 ప్రెషర్ ఆర్-410ఎకి దగ్గరే, 45 డిగ్రీల దగ్గర 390 పీఎస్ఐ చిల్లర, కాబట్టి కొత్త సీళ్లు తట్టుకుంటాయి. కానీ అది మెల్లగా అంటుకునే రకం గ్యాస్, ఈ మెషిన్ స్విచ్చీ ప్రెషర్ కటాఫూ నిప్పురవ్వ బయటికి రాకుండా మూసినవి కావు. ప్లేటు మీద ఎ2ఎల్ (ఇలా మెల్లగా అంటుకునే గ్యాసుల తరగతి) అని లేదు. దానికి వేరే మెషిన్ కొనాల్సిందే.